రెండో గొట్టం

పులికాట్ సరస్సు యూనివర్సిటీ వరండాలోకి ఎప్పుడు వచ్చిందో సుజనకు తెలియదు, కానీ మోకాళ్ల దాకా నీళ్లున్నాయి, ఆ నీళ్లలో సెమినార్ హాలు కుర్చీలు తేలుతున్నాయి, ఆమె బురద నిండిన ప్లాస్టిక్ గొట్టాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని నడుస్తోంది. ఎదురుగా పడవ అంచు మీద చెంగల్రాయుడు కూర్చుని ఉన్నాడు. ఆమెతో పాటు పరిశోధన చేస్తూ డెంగ్యూతో పోయిన మనిషి, ఇప్పుడు కాలు మీద కాలు వేసుకుని ఆమె సీసాలో నీళ్లు తాగుతున్నాడు. అడగకుండా తాగేసే అలవాటు చచ్చినా పోలేదన్నమాట. కోపం రావలసిన చోట ఆమెకు ఏడుపు వస్తోంది.

ఆ బురద ఇద్దరూ కలిసి సరస్సు అడుగుకు గొట్టాలు దించి తీసిందే. ఏ కాలంలో వానలు దండిగా పడ్డాయో, ఏ కాలంలో సరస్సు ఎండిందో అడుగున పేరుకున్న పొరలు చెబుతాయి. పై పొర కొత్తది, కింది పొర పాతది, అంతే లెక్క. మొదటి గొట్టంతో చిక్కు లేదు, దాని పైకొసన గడ్డి వేళ్లున్నాయి. అదే గోతిలో ఇంకా లోతుకు దించిన రెండో గొట్టానికి మాత్రం రాయుడు మార్కర్‌తో గీసిన బాణం తప్ప వేరే గుర్తు లేదు. గొట్టం దిగిన వైపుకే బాణం గీసి ఉంటాడని సుజన అనుకుంది, అలాగే చదివింది, ఆ కాలమంతా సరస్సు పోనుపోను ఎండిందని తేల్చింది. బాణం పైకొసను చూపేదైతే ఆ లెక్కంతా తలకిందులే, సంగతి తేల్చే పొరల వయసు పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. తెల్లారితే సెమినార్, నిన్నటి నుంచి అనుమానం ఆమెను నిలవనీయడం లేదు.

"బాణం పైకి గీసినావా, కిందికి గీసినావా? ఒక్కటి చెప్పు చాలు."

అతను లేచి నడుస్తాడు, పడవ కూడా వెంట నడుస్తుంది, పోయేకొద్దీ నీళ్లు చీలమండలకు దిగి ఉప్పు తెల్లగా మేట వేస్తుంది, కుర్చీ కాళ్లు సన్నబడి కొంగల కాళ్లయి నిలబడతాయి. వెనక్కి తిరిగితే నీళ్లు నడుము దాకా లేస్తాయి, ఎటు వెళితే పాతకాలమో, ఎటు వెళితే ఈకాలమో ఆమెకు అంతు చిక్కదు. అతను మాత్రం ఇంటి పెరట్లో తిరుగుతున్నంత తీరిగ్గా, తన తల్లి ఎట్లుందని అడుగుతాడు, తన కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారని అడుగుతాడు.

"నువ్వు రాసేదాంట్లో నా పేరుంటాదా మే?"

"ఉంటాది. నీదే ముందు."

"తలకిందులుగా ఉండేదాంట్లో నా పేరొద్దు."

హాల్లోంచి ఎవరో ఆమెను పిలుస్తున్నారు, మైకు గరగరమంటోంది, అంతలో గొట్టం రెండు కొసల నుంచీ బురద జారడం మొదలవుతుంది, రెండు అరచేతులూ అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వేల ఏళ్లు కారిపోతున్నాయి. రాయుడు ఆమె అవస్థ చూసి నవ్వడు. సీసా విసురుతాడు.

"పట్టుకో మే, గొంతెండిపోతా ఉండాది నీకు."

నిజంగానే గొంతు ఎండిపోయి మెలకువ వచ్చింది. కిటికీలో లేత వెలుతురు. హాస్టల్ గదిలో, బల్ల మీద, ఆమె నీళ్ల సీసా. బురద తీసిన రోజు పడవ ఒడ్డుకు చేరేలోపు, ఇది కూడా శాంపిలే అని ఆటపట్టిస్తూ, రాయుడు అదే మార్కర్‌తో దాని మీదా ఒక బాణం గీశాడు. అతను పోయాక అది చెరిగిపోతుందని భయపడి సుజన సీసాను గట్టిగా తోమలేదు. రోజూ చూస్తున్నదే. బాణం మొన మూత వైపుంది.

ఆమె సీసాను బోర్లించి పట్టుకుంది. ఇప్పుడు బాణం తాను సెమినార్‌కు రాసుకున్నట్టే కిందికి చూస్తోంది. సీసాను తిప్పి, మూత పైకి వచ్చేలా బల్ల మీద నిలబెట్టి, తన పరిశోధన గైడ్‌కు చెప్పడానికి ఫోన్ అందుకుంది.