నీలం తలుపు ఎదుట నిలబడ్డ ముసలావిడ

ఆ వీధిలో ఇల్లు దొరికిందంటే స్నేహితులంతా ఈర్ష్యపడ్డారు. రాళ్ళు పరిచిన పాత వీధి, చెక్క బాల్కనీలు, వాటి కింద కాఫీ కొట్లు, బొమ్మల దుకాణాలు. వయొలిన్లు బాగుచేసే ఆమె మాత్రం ముందుగది కిటికీలోంచి పడే నిండు వెలుతురు చూసి ఆ ఇంటికి ఒప్పుకుంది.

దిగిన వారానికే అసలు సంగతి తెలిసొచ్చింది. వాళ్ళ నీలం తలుపు ఊరందరి ఫోన్లలోనూ ఉంది. పొద్దున్నుంచీ ఎవరో ఒకరు గుమ్మానికి ఆనుకుని నవ్వుతూనే ఉండేవారు. ఆమె ఊపిరి బిగబట్టి పగిలిన వయొలిన్ పలకకు జిగురు పూస్తుంటే, బయట "ఇంకొంచెం పక్కకి జరుగు" అని కేక. ఫొటోలు తీయరాదని బోర్డు పెడితే, జనం ఆ బోర్డు పక్కనే నిలబడి ఫొటోలు దిగారు. బస్సు డ్రైవరైన భర్త అది విని పడీపడీ నవ్వాడు. అత్తగారైతే బాల్కనీలోంచి వాళ్ళకి చెయ్యి ఊపేది.

ఒకరోజు ఆమెకు తిక్క రేగింది. ఓ ముసలావిడ చాలాసేపటి నుంచి గుమ్మానికి ఎదురుగా కదలకుండా నిలబడి ఉంది. తలుపు తీసి, ఇది ఇల్లనుకున్నారా, ఎగ్జిబిషన్ అనుకున్నారా అని దులిపేసింది. ఆవిడ వెనుదిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు రొట్టెల కొట్టు నుంచి వచ్చిన అత్తగారు చేతిలో సంచీ కింద పెట్టకుండానే అడిగింది.

"నిన్న ఓ పెద్దావిణ్ణి కసిరావటగా?"

"రోజూ ఎవర్నో ఒకర్ని కసురుతూనే ఉన్నాను కదా అత్తయ్యా."

"ఆవిడ ఈ ఇంట్లోనే పుట్టిందటే. ఇప్పుడు వీధి చివర ఉంటోంది."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూ వెళ్ళింది. తీరా ఆవిడ తలుపు తీసేసరికి అంతా మర్చిపోయి, "మీరు మా ఇంట్లోకి రావాలి" అని మాత్రం అనగలిగింది. ఆవిడ చెప్పులేసుకుని వెంటనే బయల్దేరింది.

ముందుగదిలోకి వస్తూనే ముసలావిడ కిటికీ చెక్కను అరచేత్తో నిమిరింది.

"మా నాన్న ఇక్కడే కూర్చుని చెప్పులు కుట్టేవాడమ్మా. ఇప్పుడు నువ్వు వయొలిన్లు బాగుచేస్తున్నావు."

అప్పట్లో వీధంతా బొగ్గు బళ్ళేనట, ఆరేసిన బట్టలు సాయంత్రానికి నల్లబడేవట. స్కూల్లో ఎక్కడుంటారని అడిగితే తనూ చెల్లెలూ సిగ్గుపడి పక్క వీధి పేరు చెప్పి తప్పించుకునేవారట. ఇప్పుడు జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ గుమ్మంలో నిలబడుతుంటే చూడ్డానికి ముచ్చటేసి, రోజూ అటు వస్తోందట.

అంతలో బయట నవ్వులు వినిపించాయి. ఆమె లేవబోతే, ముసలావిడ వారించి తానే వెళ్ళింది. వచ్చినవాళ్ళకి బొగ్గు బళ్ళ కథ ఎత్తుకుని, వినిపిస్తూ వినిపిస్తూ వాళ్ళను వీధి చివరిదాకా నడిపించుకుపోయింది. గుమ్మం ఖాళీ అయింది.

ఆ తర్వాత అదే ఆవిడకు వ్యాపకమైంది. మధ్యలో అలసిపోతే లోపలికొచ్చి అత్తగారితో కబుర్లు. ఆవిణ్ణి వెతుక్కుంటూ రొట్టెల కొట్టాయన వచ్చాడు. ఆయన వెనకే ఎదురింటి అక్కాచెల్లెళ్ళు, అటక మీద పడున్న తాతగారి వయొలిన్ పట్టుకుని వచ్చారు. దాని మెడ విరిగింది, తీగల్లేవు. ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, బాగవుతుందని చెప్పింది.

బాగైన రోజున వినడానికి అందరూ వచ్చారు. కుర్చీలు చాలక అత్తగారు కొందరిని మెట్లమీద కూర్చోబెట్టింది. కోడలు తీగలు సవరించుకుని, తలుపు బార్లా తెరిచి వాయించడం మొదలుపెట్టింది.