మ్యాచ్ రోజు మాట్లాడకూడదు

సాక్సుల్లోంచి ఎర్రమట్టి పోవాలంటే ముందు వాటిని తిరగేసి దులపాలి. తర్వాత చన్నీళ్లలో నానబెట్టాలి. వేడినీళ్లు పోశామా, మరక ఇక వదలదు. పదకొండేళ్లుగా చేస్తున్న పని కాబట్టి నా చేతులు వాటంతటవే చేసుకుపోతుంటాయి. ఏప్రిల్‌లో ఆ శనివారం పొద్దున, బుడాపెస్ట్‌లో టెన్నిస్ టోర్నమెంటు కోసం అద్దెకి తీసుకున్న ఫ్లాటులో, బాత్‌టబ్ పక్కన చతికిలబడి అదే చేస్తున్నాను. నా కూతురు కించో వార్మప్ కోసం అప్పటికే క్లబ్బుకి వెళ్లిపోయింది. పదకొండింటికి దాని సెమీఫైనల్. మా ఆయన దెజో వంటింట్లో కాఫీ తాగుతూ ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు. "అమ్మాయి బ్రహ్మాండంగా ఉంది. మేమిద్దరం రెడీ."

మేమిద్దరం అంటే అతనూ, కూతురూ. అంతకుముందు నెల సెగెద్‌లో మా ఇంటికి టీవీ వాళ్లొచ్చినప్పుడు కూడా అదే మాట అన్నాడు. "మాది చాలా చిన్న టీమ్. నేనూ, మా అమ్మాయీ, అంతే." ఆ మాటన్నప్పుడు నేను కెమెరా వెనకాల నిలబడి, టీవీ వాళ్ల కోసం చేసిన చేపల పులుసు గిన్నె చేత్తో పట్టుకుని ఉన్నాను. వాళ్లలో ఒకమ్మాయి గిన్నె అందుకుని, "అబ్బ, ఎంత బావుందో, మీరు ఇక్కడ వంట చేస్తారా?" అనడిగింది. నేను కించో వాళ్లమ్మనని చెప్పడానికి ఎందుకో సిగ్గేసింది. అవునన్నాను.

కించోకి తొమ్మిదేళ్లప్పుడు నేను స్కూల్లో జాగ్రఫీ పాఠాలు చెప్పడం మానేశాను. "ఇద్దరం ఉద్యోగాలంటూ కూర్చుంటే పిల్ల భవిష్యత్తు ఏమవుతుంది?" అన్నాడు దెజో. ఇద్దరం అన్నాడు గానీ మానేసింది నేనొక్కదాన్నే. అతను కోచ్‌గా ఉన్న క్లబ్బులోనే పిల్లకి శిక్షణ. వంట, బట్టలు, ప్రయాణాలు, టికెట్లు, వీసాలు నా వంతు. రాకెట్లకి తీగలు బిగించడం కూడా. యంత్రం కొని వంటింటి బల్ల మీద పెట్టి, చేతివేళ్లు కోసుకుంటూ నేర్చుకున్నాను. రోజుకి ఆరు రాకెట్లు. మా అత్తగారు ఆ యంత్రాన్ని చూసి, "మా వాడు తన జీవితం మొత్తం ధారపోస్తున్నాడు. నీకేం తల్లీ, ఇంట్లో కూర్చుని దారాలు కట్టుకోవడమే కదా" అంది. ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకి కనిపించింది అంతే.

ఆ తీగల వల్లే నాకు అనుమానం మొదలైంది. కించో రాకెట్లని ఎప్పుడూ ఇరవై నాలుగు కిలోల బిగువులో కట్టేదాన్ని. ఫిబ్రవరిలో ఒకరోజు అది పక్కకొచ్చి, "అమ్మా, ఇరవై రెండుకి కట్టు. నాన్నకి చెప్పకు" అంది. బిగువు తగ్గితే బంతి తగిలినప్పుడు చేతికి అదురు తక్కువ. మార్చి చివరికల్లా ఇరవై అంది. "మణికట్టు నొప్పా?" అనడిగితే, "స్కాన్ తీశారుగా, ఉత్త వాపేనట. నాన్న చెప్పాడు. నువ్వు గోల చెయ్యకు" అంది. నేను గోల చెయ్యలేదు. ముందు ఇరవై రెండు, తర్వాత ఇరవై కట్టి, దెజో చూసే చీటీ మీద ఇరవై నాలుగు అని రాశాను. నెలన్నర పాటు రాశాను.

సాక్సులయ్యాక దెజో ట్రాక్‌సూట్ నానబెడదామని అతని బ్యాగు తీశాను. పక్క జిప్పులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పైన కించో పేరు. తారీకు మార్చి ఇరవై. తడిచేతులు గౌనుకి తుడుచుకుని చదివాను. కుడి మణికట్టులో చిటికెనవేలి వైపు మెత్తటి ఎముక చీలింది. మూడు నెలలు రాకెట్ పట్టకూడదు. పట్టుకుంటే చీలిక పూర్తయి, చేతికి మునుపటి పటుత్వం తిరిగి రాకపోవచ్చు. మూడుసార్లు చదివాను. మూడు వారాల క్రితం నాటి కాగితం. ఈ మూడు వారాల్లో అది పన్నెండు మ్యాచ్‌లు ఆడింది.

"ఏమిటలా కూర్చున్నావు?" దెజో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నా చేతిలో కాగితం చూశాడు. ముఖంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు.

"దానికి తెలుసా?" అన్నాను.

"నెమ్మదిగా మాట్లాడు."

"కించోకి తెలుసా అని అడుగుతున్నా."

"తెలిస్తే భయపడుతుంది. భయపడితే చెయ్యి తిరగదు. ఎతెల్కా, విను. ఇవాళ గెలిచి ఫైనల్ చేరితే ర్యాంకు రెండు వందల ముప్పై లోపలికొస్తుంది. పారిస్ గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ ఆడొచ్చు. పారిస్! నేను ముప్పై ఏళ్లు కలగన్నది. ఆ తర్వాత మూడు నెలలేం ఖర్మ, ఆర్నెల్లు పడుకోమను."

"నువ్వు కలగన్నది" అన్నాను.

"మళ్లీ మొదలుపెట్టకు. డాక్టర్లు ఎప్పుడూ ఎక్కువ చేసి రాస్తారు. నేను ఆటగాణ్ణి, నాకు తెలుసు. నీకేం తెలుసు మణికట్టు గురించి?" చెయ్యి చాచి కాగితం నా వేళ్లలోంచి లాక్కున్నాడు. మళ్లీ నాలుగు మడతలు పెట్టి, జాకెట్ లోపలి జేబులో పెట్టుకున్నాడు. "మ్యాచ్ రోజు ఇంట్లో మాటలొద్దని ఎన్నిసార్లు చెప్పాను? రాకెట్లు తీసుకురా. నేను కారు తీస్తాను."

ఈ మాట మా ఇంట్లో చట్టం. మ్యాచ్ రోజు నేను మాట్లాడకూడదు. నా గొంతులో కంగారు ఉంటుందట, అది పిల్లకి అంటుకుంటుందట. ఒకసారి మేం ప్రాగ్‌లో ఉండగా మా అమ్మ చనిపోయిందని ఫోన్ వస్తే, మ్యాచ్ అయ్యేదాకా నాలుగు గంటలపాటు ఆ సంగతి గొంతులో పెట్టుకుని గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టాను. అయ్యాక దెజో నా భుజం తట్టి, "నువ్వు చాలా గట్టిదానివి" అన్నాడు. ఆ మెప్పు నాకు నచ్చింది. అదే ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండిపోతుంది. కారులో నది పక్కన రోడ్డు మీద పోతుంటే అతను రేడియోతో పాటు కూనిరాగం తీస్తున్నాడు. నేను ఒళ్లో రాకెట్ల సంచీ పెట్టుకుని, పక్కనున్న మనిషితో ఇరవై మూడేళ్లు కాపురం చేశానా అని చూస్తున్నాను. అతను రాక్షసుడేం కాదు. కించోకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న మనిషి.

క్లబ్బులో ఆడవాళ్ల డ్రెస్సింగ్ రూమ్ దాకా వచ్చి దెజో ఆగిపోయాడు. ఆ తలుపు దాటి అతను రాలేడు. "రాకెట్లు ఇచ్చేసి రా. ఒక్క మాట కూడా వద్దు" అన్నాడు. నేను లోపలికెళ్లి తలుపు వేశాను.

కించో బెంచీ మీద కూర్చుని మణికట్టుకి పట్టీ చుట్టుకుంటోంది. పక్కన నీళ్లసీసా, నొప్పి మాత్రలు. గది ఖాళీ. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని చెప్పేశాను. కాగితంలో ఏముందో, ఎప్పటిదో, ఎక్కడ దొరికిందో.

అది చుట్టడం ఆపలేదు. "ఏదీ కాగితం?"

"నాన్న జేబులో."

"మరి నేనెలా నమ్మను?"

"నమ్మమనడం లేదు. నీకు తెలియాలి, అంతే. ఆడతావో మానతావో నేను చెప్పను."

అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపులో నేను ఊహించిన కన్నీళ్లు లేవు. "బావుందమ్మా. ఇంకో ఇరవై నిమిషాల్లో మ్యాచ్. ఇప్పుడొచ్చి చెప్తున్నావు. నువ్వు మాత్రం? చీటీ మీద ఇరవై నాలుగని రాయలేదూ? మీరిద్దరూ ఒకటే. ఆయన నాకు దాచాడు. నువ్వు ఆయనకి దాచావు. మధ్యలో విరిగేది నా చెయ్యి."

"నువ్వే చెప్పొద్దన్నావు..." అనబోయి ఆగిపోయాను. నాకు నలభై ఎనిమిదేళ్లు, దానికి ఇరవై. "అవును. తప్పు చేశాను. దెబ్బలాట భరించలేక రాశాను. అప్పుడే నిన్ను పట్టుకుని డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాల్సింది."

అది పట్టీ చివర బిగించుకుంది. రాకెట్లు తీసుకుని లేచి, జుట్టు బిగించి కట్టుకుని వెళ్లిపోయింది.

గ్యాలరీలో దెజో పక్కన కూర్చున్నాను. అవతల స్లొవాకియా అమ్మాయి, పొడవాటి చేతులు, బంతిని నేలబారుగా కొడుతోంది. కించో మొదటి గేమ్ గెలిచింది, రెండోది పోగొట్టుకుంది. బ్యాక్‌హ్యాండ్ కొట్టినప్పుడల్లా దాని పెదవి ఒక పక్కకి లాక్కుపోవడం నాకు కనిపిస్తోంది. దెజో ముందుకి వంగి అరుస్తున్నాడు. "రెండు చేతులూ! రెండు చేతులతో కొట్టు! భయమేంటి నీకు?" జనం చప్పట్లు. మూడు, మూడు. నాలుగు, మూడు. ఆధిక్యం కించోదే. నేను బంతిని చూడటం మానేసి దాని చేతినే చూస్తున్నాను.

గేమ్‌ల మధ్య విరామంలో కించో కుర్చీ వైపు వెళ్లలేదు. తిన్నగా మా వైపు నడిచి వచ్చి, గ్యాలరీ రెయిలింగ్ అవతల నిలబడింది. చెమట కారుతోంది. చుట్టూ జనం మాటలాపి చూస్తున్నారు.

"నాన్నా," అంది, "నీ జేబులో ఏముంది?"

దెజో చెయ్యి, అతనికి తెలియకుండానే, జాకెట్ మీదకి వెళ్లింది. గుండె దగ్గర అదిమి పట్టుకున్నాడు.

కించో ఆ చెయ్యి వైపు చూసింది. ఒకసారి తలాడించింది. వెనక్కి తిరిగి అంపైర్ దగ్గరికెళ్లి రెండు మాటలు చెప్పి, నెట్ దగ్గరికి నడిచి, స్లొవాకియా అమ్మాయికి ఎడంచెయ్యి అందించింది. మ్యాచ్ వదిలేసింది.

"ఏం చెప్పావు దానికి?" దెజో నా మోచెయ్యి పట్టుకున్నాడు. "లోపల ఏం చెప్పావు?"

"నువ్వు చెప్పనిది."

"సర్వనాశనం చేశావు. పదకొండేళ్ల కష్టం! తెలుసా నీకు ఏం చేశావో?"

"ఎవరి కష్టం దెజో?" అనడిగాను. నా గొంతు పెద్దదైంది కాబోలు, ముందు వరసలో వాళ్లు తిరిగి చూశారు. చెయ్యి విడిపించుకుని కిందికి దిగాను.

కించో క్లబ్బు గేటు దగ్గర టాక్సీ కోసం నిలబడి ఉంది. పరిగెత్తినట్టే వెళ్లాను. దగ్గరికి తీసుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆసుపత్రికి వెళ్తున్నా. నేనే మాట్లాడతాను, కాగితాలు నేనే తీసుకుంటాను. నువ్వూ రావద్దమ్మా. కోపంతో కాదు. కోపం కూడా ఉందనుకో. కొన్నాళ్లు నా పక్కన ఎవరూ ఉండకూడదు."

ఆ మాట నన్ను కోసేసింది. నిజం చెప్పినందుకు కూతురు నాకు దక్కుతుందని లోలోపల అనుకున్నట్టున్నాను. టాక్సీ వెళ్లాక ఆ పేవ్‌మెంట్ మీద చాలాసేపు నిలబడ్డాను. ఎవరికి భోజనం సిద్ధం చెయ్యాలో, ఎవరి బట్టలు ఉతకాలో, ఏ రైలుకి టికెట్ కొనాలో అన్న లెక్క ఇక లేదు. కాళ్లు ఎటు నడవాలో తెలియక అక్కడే ఉండిపోయాయి. దెజో సాయంత్రం ఒక్కడే కారులో సెగెద్‌కి వెళ్లిపోయాడు. నేను వెళ్లలేదు.

మే నెలలో దానికి ఆపరేషన్ జరిగింది. చీలిక సగానికి పైగా పాకిందట. ఇంకో మ్యాచ్ ఆడి ఉంటే అని డాక్టర్ అర్ధోక్తిలో ఆపేశాడని తర్వాత కించోయే ఫోన్లో చెప్పింది. తొమ్మిది నెలలు ఆడలేదు. ర్యాంకు ఆరు వందలు దాటిపోయింది. ఓ కొత్త కోచ్‌ని, ఆవిడా ఒకప్పుడు ఆడినావిడే, తనే వెతికి పెట్టుకుంది. కిందటి వారం స్లొవేనియాలో ఒక చిన్న టోర్నమెంటులో రెండు రౌండ్లు గెలిచింది. నాకా సంగతి అందరిలాగే ఫోన్లో స్కోరు చూస్తే తెలిసింది. ఆ రాత్రి నాకు నేను, మా వైపు చేసుకునేట్టు, గసగసాలు, చక్కెర వేసి నూడుల్స్ చేసుకుని తిన్నాను. ఇప్పుడు బుడాపెస్ట్‌లోనే ఒక క్రీడా సామాన్ల దుకాణంలో పనిచేస్తున్నాను. ట్రామ్ స్టాపు పక్కన ఒక గది.

మొన్న ఆదివారం దెజో ఫోన్ చేశాడు. చాలా నెలల తర్వాత. "స్లొవేనియాలో గెలిచిందట కదా. చెయ్యి ఎలా ఉంది? పట్టీ వేసుకునే ఆడుతోందా? ఆ కొత్తావిడ బ్యాక్‌హ్యాండ్ మార్పించిందా? నా ఫోన్ ఎత్తడం లేదు. నీకు చెప్తుందిగా, చెప్పు."

"దాని సంగతి దాన్నే అడుగు" అన్నాను. "అది ఎత్తేదాకా ఫోన్ చెయ్యి. నా సంగతి ఏమన్నా కావాలంటే నన్నడుగు."

నేను ఎదురుచూశాను. కిటికీ కింద ఒక ట్రామ్ వచ్చి ఆగింది, జనం దిగారు, ఎక్కారు, వెళ్లిపోయింది. ఇంకోటి వచ్చింది. అతను ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది, ఏదో అనబోతున్నాడు, మానేస్తున్నాడు. ఇరవై మూడేళ్లు నాతో ఉన్న మనిషికి నన్నడగడానికి ఒక్క ప్రశ్న కూడా దొరకడం లేదని నాకు అర్థమైంది.