డాష్‌బోర్డులో ఆరిన దీపం

కార్ల ముస్తాబు పోటీలో జడ్జి స్టార్ట్ బటన్ నొక్కాడు. డాష్‌బోర్డు మీద దీపాలన్నీ గుప్పున వెలిగి, ఒక్కొక్కటే ఆరసాగాయి.

కిటికీ పక్కన నిలబడిన డాక్టర్ ఊపిరి బిగబట్టాడు. ఇంజన్ దీపం ఆరింది. బ్రేకు దీపం ఆరింది. మిగిలింది ఒకటే. సీట్లో కూర్చున్న మనిషి బొమ్మ, ఆ మనిషి ఎదురుగా బంతిలాంటి గుండ్రం ఉన్న ఎర్ర దీపం. అది కాసేపు మొండికేసింది. తర్వాత బుద్ధిమంతురాలిలా అదీ ఆరిపోయింది.

"క్లీన్," అన్నాడు జడ్జి.

చుట్టూ ఉన్న కార్ల క్లబ్బు సభ్యులు చప్పట్లు కొట్టారు. డాక్టర్ నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం దొంగతనం ఉందని అక్కడ ఇంకొక్కడికే తెలుసు. వాడు బేకరీ. అసలు పేరు క్లబ్బులో ఎవరికీ అక్కర్లేదు. ఊళ్ళో పెద్ద బేకరీ నడుపుతాడు కాబట్టి బేకరీ.

డాక్టర్ పళ్ళ డాక్టర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నోళ్ళలోకి చూసి చూసి విసిగిపోయిన మనిషికి ఆ కారొక్కటే సరదా. నాలుగు తలుపుల నల్ల సెడాన్. పైకి పెద్దమనిషి, లోపల రౌడీ. స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించాడు. చక్రాలు మార్చాడు. సైలెన్సర్ మార్చాడు. సీట్ల కుట్టుకి దారం రంగు ఎంచుకోవడానికి పట్టిన కాలంలో పెళ్ళిసంబంధం కుదిరిపోతుందని భార్య ఎకసెక్కం చేసేది. అన్నీ అయ్యాక స్టీరింగు ఒక్కటి కంట్లో నలుసులా మిగిలింది.

"ఇంత బండికి ఆ బన్ను మొహం ఏంటి డాక్టర్?" అన్నాడు బేకరీ ఒకరోజు.

నిజమే, కంపెనీ స్టీరింగు మధ్యలో బన్నులా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులోనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాన్ని పీకేసి, సన్నగా, నల్లటి మెత్తని తోలుతో, పైన ఎర్ర గీత ఉన్న రేసు స్టీరింగు పెట్టారు. చూడముచ్చటగా ఉంది. కానీ బ్యాగ్ పోయిందని కారు కనిపెట్టేసి ఎర్ర దీపం వెలిగించి కూర్చుంది. పోటీలో ఒక్క దీపం వెలిగినా మార్కులు పోతాయి. బేకరీ డాష్‌బోర్డు కిందికి దూరి, రెండు తీగల మధ్య అగ్గిపుల్లంత రెసిస్టర్ అతికించాడు. దీపం ఆరింది.

"బ్యాగ్ ఉందనే అనుకుంటుంది పిచ్చి మొహంది," అని నవ్వాడు. "పోటీ అయిపోగానే పాతది పెట్టేద్దాంలే."

పాత స్టీరింగు అట్టపెట్టెలో, డాక్టర్ క్లినిక్‌లో, ఎక్స్‌రే గది మూల ఉంది.

జడ్జి ఇంకా మార్కులు వేస్తుండగానే డాక్టర్ భార్య స్కూటర్ మీద వచ్చింది. వెనక ఆమె తమ్ముడు, ఒళ్ళో క్లారినెట్ పెట్టె.

"బావా, కొంప మునిగింది," అన్నాడు బావమరిది దిగుతూనే. "నా డొక్కు బండి క్లచ్ పోయింది. మధ్యాహ్నం ఆడిషన్."

ఆ ఆడిషన్ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పక్క నగరంలో ఉన్న పెద్ద ఆర్కెస్ట్రాలో క్లారినెట్ కుర్చీ ఖాళీ అయింది. ఆ కుర్చీ ఖాళీ అవడం కోసం అతను పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో వాయిస్తూ ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

"మీరే దింపి రాకూడదూ?" అంది భార్య.

"బహుమతులు ఇచ్చేది ఇప్పుడే," అన్నాడు డాక్టర్.

"అయితే కారు ఇవ్వండి."

చుట్టూ ఉన్నవాళ్ళకి పండగైంది. "కారా? చెల్లెమ్మా, నిన్నే ఎప్పుడూ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు, తమ్ముడికిస్తాడా?" అన్నాడు లాయర్. ఆయనా క్లబ్బు సభ్యుడే. "డాక్టర్ కిడ్నీ అడుగు బాబూ, సులువుగా ఇస్తాడు."

అందరూ గొల్లుమన్నారు. బావమరిది కూడా నవ్వాడు గానీ, ఆశ చావని కళ్ళతో బావ వైపే చూస్తున్నాడు. డాక్టర్ పెళ్ళినాటికి అతను స్కూలు పిల్లాడు. బావ చెప్పిందే వేదం. ఎత్తుపళ్ళు సరిచేయడానికి తీగలు బిగిస్తే, నొప్పికి కళ్ళనీళ్ళు కారుతున్నా "బావ చేశాడుగా, బాగైపోతుంది" అనేవాడు.

అప్పుడు డాక్టర్ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. దీనికి ఎయిర్‌బ్యాగ్ లేదురా, వద్దు. అంతే. కానీ జడ్జి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది.

తాళం తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"ఓహో!" అని కేక వేసింది గుంపు.

"నెమ్మదిగా పో. బెల్టు పెట్టుకో," అన్నాడు డాక్టర్.

"నీ కారుకి గీత పడితే నా తోలు తీసి కవరు కుట్టించుకో బావా." బావమరిది క్లారినెట్ పెట్టెని పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి కూడా బెల్టు బిగించాడు. తన ఫోను కారు స్పీకర్లకి కలుపుకున్నాడు. కారు గుర్రుమంటూ గేటు దాటింది. భార్య క్యాంటీన్ వైపు నడిచింది.

బేకరీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పాత స్టీరింగు పెట్టేశావా ఏంటి?"

"ఎప్పుడు పెడతాను?"

"మరి చెప్పావా వాడికి?"

డాక్టర్ గేటు వైపు చూశాడు.

అదే సమయానికి మైకులో పిలిచారు. కారు లోపలి ముస్తాబుకి, కేబిన్ విభాగంలో మొదటి బహుమతి. డాక్టర్ వేదికెక్కి కప్పు అందుకున్నాడు, ఫోటోకి నవ్వాడు. దిగుతుంటే నుదుటి మీద చినుకు పడింది. ఇంకో చినుకు. చూస్తుండగానే సిమెంటు నేల నల్లబడిపోయింది.

ఎత్తు తగ్గించిన కారు. వెడల్పు టైర్లు. తడి రోడ్డు. అలవాటు లేని చెయ్యి.

ఫోన్ తీసి బావమరిదికి చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

"పద," అన్నాడు బేకరీతో. "నీ కారు తియ్యి."

హైవే ఎక్కేసరికి వాన జోరందుకుంది. బేకరీ నడుపుతున్నాడు. డాక్టర్ ఒడిలో కప్పు, చేతిలో ఫోను. చేస్తూనే ఉన్నాడు.

"ఎత్తడేం వీడు? కారు స్పీకర్లో మోగుతుంది కదా! చెవుడా?"

"ఎలా ఎత్తుతాడయ్యా?" అన్నాడు బేకరీ విసుగ్గా. "ఫోన్ ఎత్తే బటన్ పాత స్టీరింగు మీద కదా ఉండేది. ఇప్పుడు ఎత్తాలంటే వంగి స్క్రీన్ మీద..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

డాక్టర్ చేతిలో ఫోన్ ఇంకా మోగుతోంది. గబుక్కున కట్ చేశాడు.

మలుపు తిరిగితే ఎదురుగా బండ్ల బారు. ముందు జనం గుమిగూడారు. కంకర లారీ వెనక నల్ల సెడాన్ ముక్కు దూరిపోయి ఉంది. డాక్టర్ కారు పూర్తిగా ఆగకముందే దూకి పరిగెత్తాడు. పక్క సీటు ముందు తెల్లటి సంచీ ఉబ్బి, గాలి పోయి వేలాడుతోంది. దాని వెనక క్లారినెట్ పెట్టె, గీత కూడా పడకుండా, బెల్టులో భద్రంగా కూర్చుని ఉంది.

డ్రైవర్ వైపు ఏ సంచీ లేదు. స్టీరింగు మీది ఎర్ర గీత కనపడటం లేదు. దాని చుట్టూ అంతా ఎరుపే.

బావమరిది బతికాడు. పక్కటెముకలు నలిగాయి, పెదవులు చీలాయి. పై వరుసలో ముందు పళ్ళు పోయాయి. ఆస్పత్రి డాక్టర్ "అదృష్టవంతుడు, పళ్ళతో పోయింది," అన్నాడు. పళ్ళ డాక్టర్‌కి ఆ మాట మింగుడుపడలేదు. క్లారినెట్ వాయించేవాడి పైపళ్ళు దాని మూతి మీద ఆనుతాయి. పట్టంతా అక్కడే ఉంటుంది.

మర్నాడు క్లబ్బు మొత్తం పళ్ళ బుట్టలతో ఆస్పత్రి వరండాలోకి దిగింది. లాయర్ మంచి ఊపు మీదున్నాడు.

"పక్క సీటు బ్యాగ్ తెరుచుకుంది, డ్రైవర్‌ది తెరుచుకోలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కంపెనీని కోర్టుకి ఈడుస్తాను. క్లబ్బంతా వెనకుంటుంది."

"వదలొద్దన్నయ్యా వాళ్ళని," అంది డాక్టర్ భార్య. రాత్రంతా ఏడ్చిన గొంతు. "వాడి నోటికాడ కూడు పోగొట్టారు."

బేకరీ డాక్టర్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళాడు.

"విను. కారు గ్యారేజీ యార్డులో ఉంది. ఇంకా ఎవరూ తనిఖీకి రాలేదు. క్లినిక్ తాళాలు ఇలా ఇవ్వు. పాత స్టీరింగు పెట్టేసి, ఆ రెసిస్టర్ పీకేసి వస్తాను. బ్యాగ్ ఉంది, తెరుచుకోలేదు, అంతే. తప్పు కంపెనీది. నువ్వు బతుకుతావు, నేనూ బతుకుతాను."

డాక్టర్ తాళాలు ఇచ్చాడు. ఇవ్వకూడదని అనుకునేలోపే చెయ్యి జేబులోంచి బయటికొచ్చేసింది.

వరండాలో చాలాసేపు పచార్లు చేసి, చివరికి గదిలోకి వెళ్ళాడు. భార్య తమ్ముడి మంచం పక్కన కూర్చుని దుప్పటి సర్దుతోంది. బావమరిది మొహం గుమ్మడికాయలా వాచింది. మాట చితికి వస్తోంది. అయినా బావని చూడగానే మాట్లాడబోయాడు.

"నాదే తప్పు బావా. వాన... ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తే బటన్ కోసం వెతికాను, కనపళ్ళేదు. స్క్రీన్ నొక్కుదామని వంగాను." ఊపిరి తీసుకున్నాడు. "అన్నిసార్లు ఎందుకు చేశావ్? ఏమైంది?"

డాక్టర్ కిటికీ వైపు తిరిగాడు.

"ప్రైజ్ వచ్చింది," అన్నాడు. "చెబుదామని."

బావమరిది కళ్ళు వెలిగాయి. కుట్లు పడ్డ పెదవులతో నవ్వడం కుదర్లేదు. బదులుగా సూదులు గుచ్చిన చెయ్యి ఎత్తి, బొటనవేలు పైకి చూపించాడు.

డాక్టర్ గదిలోంచి దాదాపు పరిగెత్తి బయటికొచ్చాడు. బేకరీకి ఫోన్ చేశాడు.

"ఆ స్టీరింగు పెట్టె విప్పకు."

"యార్డు గేటు దగ్గరున్నాను డాక్టర్! ఐదు నిమిషాల పని."

"తిరిగి రా. నేను చెప్పేస్తున్నాను. నీ పేరు రానివ్వను."

"పిచ్చిగానీ పట్టిందా? క్లబ్బులో తలెత్తుకుంటావా? ఇంట్లో అన్నం పెడతారా నీకు?"

డాక్టర్ ఫోన్ పెట్టేశాడు. లాయర్‌ని పిలుచుకుని గదిలోకి వెళ్ళి, మంచం కాళ్ళ వైపు నిలబడి చెప్పాడు. స్టీరింగు సంగతి, దీపం సంగతి, జడ్జి పక్కనున్నాడని నోరు మూసుకున్న సంగతి. ప్రైజ్ కోసం కాదు, భయపడి ఫోన్లు చేసిన సంగతి. గోడలకి చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు. లాయర్ మధ్యలోనే కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

భార్య లేచింది. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"తాళం చేతికిచ్చేటప్పుడు తెలుసా మీకు?" అని మాత్రం అడిగింది.

"తెలుసు."

ఆమె కుర్చీని మంచానికి ఇంకా దగ్గరికి జరుపుకుని, భర్తకి వీపు పెట్టి కూర్చుంది.

బావమరిది మొహం పైకప్పు వైపు తిప్పుకున్నాడు. తర్వాత చితికిన మాటతోనే, "కొంచెం నిద్రొస్తోంది," అన్నాడు. డాక్టర్ని బావా అని పిలవలేదు.

క్లబ్బు గ్రూపులోంచి డాక్టర్ పేరు తీసేశారు. కప్పు వెనక్కి ఇమ్మని మర్యాదగా కబురు పెట్టారు, ఇచ్చేశాడు. నుజ్జయిన కారుని తుక్కు కింద తోలేశాడు. అవేవీ అతన్ని పెద్దగా బాధించలేదు. భార్య ఇంట్లోనే ఉంది, అన్నం పెడుతోంది, అవసరమైన మాటలు మాట్లాడుతోంది. అనవసరమైన మాటలే సంసారమని అతనికి అప్పుడు తెలిసింది.

గాయాలు మానాక బావమరిదికి కబురంపాడు. పళ్ళు తను కడతానన్నాడు. జవాబు రాలేదు. ఎన్ని నోళ్ళు బాగుచేశాడో లెక్కలేని చేతులు ఒడిలో పెట్టుకుని ఎదురుచూశాడు.

ఒక మధ్యాహ్నం, పళ్ళు తయారుచేసే ల్యాబ్ నుంచి టెక్నీషియన్ ఎప్పటిలాగే ఆర్డర్లు తీసుకోవడానికి వచ్చాడు. టీ తాగుతూ మాటల్లో అన్నాడు.

"మీ బావమరిది గారి పళ్ళు మా దగ్గరే చేస్తున్నాం సార్. మార్కెట్ దగ్గర డాక్టర్ గారు పంపారు. మీ చెయ్యి ఉండగా అక్కడికెందుకు వెళ్ళారా అని..."

"ఎలా వచ్చాయి?"

"చూడ్డానికి ముత్యాలే సార్. కానీ ఆయన వాద్యం పడటం లేదట. గాలి పక్కకి పోతోందట. తిప్పి తిప్పి పంపుతున్నారు, మాకు అంతు చిక్కడం లేదు."

డాక్టర్ లేచి లోపలికి వెళ్ళాడు. బీరువా అడుగు అరలోంచి గుడ్డలో చుట్టిన ప్లాస్టర్ అచ్చు తెచ్చాడు. తీగలు విప్పిన రోజు తీసిన బావమరిది పళ్ళ అచ్చు.

"ముందు పళ్ళు రెండూ సమానంగా చేసి ఉంటారు మీరు. చూడండి, కుడిది రవ్వంత పొట్టి. అందంగా లేదు, సరిచేస్తానంటే వాడు ఒప్పుకోలేదు. క్లారినెట్ అక్కడే కుదురుతుందన్నాడు. దీన్ని చూసి చేయండి."

టెక్నీషియన్ అచ్చుని వెలుతురులో తిప్పి చూశాడు. "భలే దొరికింది సార్. ఇదెక్కడిదని ఆయన అడిగితే?"

"నేనిచ్చానని చెప్పండి."

"చెబితే వద్దంటారేమో సార్. చెప్పకుండా చేసేస్తే పోలా? ఆయనకేం తెలుస్తుంది?"

డాక్టర్ అచ్చుని మళ్ళీ గుడ్డలో చుట్టి, అతని సంచీలో పెట్టాడు.

"ముందు చెప్పండి. తర్వాతే చేయండి. వద్దంటే తెచ్చి ఇచ్చేయండి."

టెక్నీషియన్ ఆ తర్వాత కూడా వారం వారం వచ్చాడు, ఆర్డర్లు తీసుకెళ్ళాడు. అచ్చు తిరిగి తేలేదు. డాక్టర్ అడగలేదు. వర్షాకాలం చివర్లో ఒకరోజు భార్య బట్టలు మడతపెడుతూ, అతని వైపు చూడకుండా, "తమ్ముడు మళ్ళీ వాయిస్తున్నాడు," అంది.

"ఎక్కడ?" అన్నాడు డాక్టర్ ఆత్రంగా.

ఆమె మడతపెట్టిన చొక్కా బీరువాలో పెట్టి, తలుపు వేసింది.

"మిమ్మల్ని రమ్మన్లేదండీ," అంది.