ఇటుకల పండగలో రెండు టర్బోలు

గిరిజనుల ఇటుకల పండగ రోజుల్లో అరకు ఘాట్ మీద కారు పరీక్ష పెట్టుకోవడం ఇంజినీరు ప్రసన్న చేసిన తప్పు. మగవాళ్ళు వేటకెళ్తే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే బళ్ళనాపి పండగ చందా అడుగుతారు. మంత్రిగారి బండైనా ఆగాల్సిందే.

కారు నడుపుతున్నది ప్రసన్నే. వెనక సీట్లో కంపెనీ పెద్ద సర్వేశ్వరరావు, చేతిలో కాఫీ గ్లాసు. అంత ఖరీదైన కారు కొన్నవాడు ఘాట్ ఎక్కుతూ కాఫీ తాగితే చుక్క ఒలకకూడదు. అదీ ఆయన పెట్టిన పరీక్ష. నెగ్గితే ఇంజిన్ డిజైన్ సాయంత్రానికల్లా ఖరారు.

అది చైతన్య గీసిన ఇంజిన్. పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌కి గాలి నింపే టర్బోలు రెండు. నెమ్మదిగా ఉన్నప్పుడు చిన్నది, వేగం అందుకున్నాక పెద్దది. పొగను చిన్నదాని నుంచి పెద్దదానికి మళ్ళించే వాల్వు అతని ముద్దుబిడ్డ. చైతన్య ప్రసన్న భర్త. కిందటి శ్రావణంలో అతను పోయాక, ఆ బొమ్మలో ఒక్క గీత కూడా ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మలుపులో దుంగ కనిపించింది. సోములమ్మ అనే పెద్దావిడ అద్దం మీద తట్టింది. ప్రసన్న చందా ఇచ్చింది. దుంగ లేచింది. కారు కదిలి, ఎత్తులో ఉన్నట్టుండి నీరసపడి, మరుక్షణం ముందుకి దూకింది. కాఫీ సర్వేశ్వరరావు చొక్కా మీదికి వచ్చింది. ప్రసన్న బ్రేకు వేసింది.

సోములమ్మ నడిచొచ్చింది. "ఏటమ్మా, మీ కారుకి ఆయాసమా? మా సుక్రు జీపు పదిమందిని మోసుకొని ఎక్కిపోద్ది."

"కొత్త బండమ్మా."

"వేట దొరక్కుండా వచ్చిన మొగోళ్ళకి పేడనీళ్ళు పోత్తాం. దీనికేటి పొయ్యమంటావ్?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. సర్వేశ్వరరావు చొక్కా తుడుచుకున్నాడు.

"వీళ్ళు ఆపబట్టి గానీ, లేకపోతే బాగానే ఎక్కేది. చైతన్య పని అలాగే ఉంచేద్దామమ్మా. సంతకం పెట్టేస్తాను."

ప్రసన్న కోరుకున్నది అదే. ఊరుకుంటే చాలు. కానీ తప్పెక్కడో తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ పరుగు మీదున్న కారునే పరీక్షించారు. ఆగిన చోటి నుంచి ఎత్తు ఎక్కేటప్పుడు వాల్వు ఒక్కసారిగా తెరుచుకుంటే చిన్న టర్బో చేతులెత్తేస్తుంది, పెద్దది ఇంకా నిద్ర లేవదు. చైతన్య ఇంట్లోనూ అంతే. పొయ్యి మీద పాలు చూడమని కేకేసి వెళ్ళిపోయేవాడు. ఆమె వంటింట్లోకి వచ్చేసరికి పాలు పొంగిపోయేవి.

"లేదు సార్. చైతన్య తప్పు గీశాడు."

అతను పోయాక అతని మీద ఆమె చెప్పిన మొదటి చాడీ అది. చెప్పాక నవ్వొచ్చింది.

"మరెలా?"

"వాల్వు కొంచెం ముందే, కొంచెమే తెరవాలి. పెద్దది తిరగడం మొదలెట్టాక మిగతాది. నేను మార్చి గీస్తాను. ముందు ఇంకొన్నిసార్లు చూడాలి."

అద్దం పూర్తిగా దించింది. "అమ్మా, కిందికెళ్ళి మళ్ళీ వస్తాను. మళ్ళీ ఆపండి."

"ఆపుతాం గానీ, మల్లీ సందా ఇవ్వాల."

"ఈసారి వెనకాయన ఇస్తారు."

సర్వేశ్వరరావు సీటు బెల్టు బిగించుకున్నాడు.