ఎనిమిదో చప్పట

ఫోన్‌లో అవతలివాళ్ళు "కాస్త లైన్లో ఉండండి" అని మనల్ని గాల్లో వేలాడదీసినప్పుడు ఒక సంగీతం వస్తుంది. విన్న ప్రతివాళ్ళూ తిట్టుకుంటారు. ఆ తిట్లలో కొన్ని నాకు చెందుతాయి. లిఫ్టుల్లోనూ పళ్ళ డాక్టరు వరండాలోనూ వ్యాయామశాలల్లోనూ వచ్చేదాంట్లో కొంత నేను చేసిందే. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. చిన్న ముక్క వాయించి, కంప్యూటర్‌లో దాని చివరను మొదటికి కలిపితే, అది గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. లూప్ అంటారు. ఎద్దుకైనా అలుపొస్తుంది గానీ దీనికి రాదు.

ఈ లోకంలో అన్నీ నాలుగులే. తెర మీద గళ్ళు నాలుగేసి ఉంటాయి. ఏది వాయించినా నాలుగుకో ఎనిమిదికో సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఒక మీట నొక్కితే చాలు, కంప్యూటరే సర్దేస్తుంది.

నేనుండేది నాలుగో అంతస్తులో. ఒక గది, ఒక వంటిల్లు. కుర్చీలు రెండు. రెండో కుర్చీ మీద కూర్చునేవాళ్ళు ఎలాగూ లేరని స్పీకర్ పెట్టాను. ఒక్కోరోజు పాలు పొంగితే "అయ్యో" అంటాను. ఆ రోజుకి ఇంట్లో వినబడిన మనిషి మాట అదొక్కటే.

ఒక ఉదయం ఫోన్ మోగింది.

"అత్తా, నేను."

మేనకోడలు. మా అన్నయ్య ఒక్కగానొక్క కూతురు. ఆఖరిసారి చూసినప్పుడు స్కూలు బట్టల్లో ఉండేది. ఇప్పుడు టైర్ల దుకాణంలో ఉద్యోగమట.

"నాన్నకి పక్షవాతం వచ్చింది. రెండు నెలలైంది."

"రెండు నెలలా! నాకొక మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తానంటే వద్దన్నారు. అప్పటికి మాట సరిగ్గా రావట్లేదు కానీ, ఆ 'వద్దు' మాత్రం శుభ్రంగా వచ్చింది."

నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అది మా అన్నయ్యే, సందేహం లేదు.

పక్షవాతం ఎడమవైపుకి వచ్చింది, అంటే వాడి పొట్టి కాలికే. నడక నేర్పే ఆయన రోజూ వచ్చి, హెడ్‌ఫోన్ తగిలించి, టక్ టక్ టక్ టక్‌మని సమానంగా పడే చప్పుడు వినిపించి, దానికి సరిగ్గా అడుగులు వెయ్యమంటాడు. అన్నయ్య రెండడుగులు వేసి కూలబడతాడు. ఈ నెలాఖరుకి నడవకపోతే ఇక చక్రాల కుర్చీయేనని ఆయన చెప్పేశాడు.

"నీ దగ్గర నాన్న వాయించింది ఉండాలిగా. అది పెడితే నడుస్తారేమో. కానీ నువ్వు పంపావని తెలియకూడదత్తా. తెలిస్తే హెడ్‌ఫోన్ విసిరి కొడతారు."

"ఉంది, పంపిస్తాను" అన్నాను. నిజానికి లేదు.

మా అన్నయ్యకి పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. వాడి నడకకి ఒక లెక్క ఉంది. పొడుగు కాలి మీద నాలుగు మాత్రలు నిలుస్తాడు, పొట్టి కాలి మీద మూడే. తకధిమి తకిట, తకధిమి తకిట. వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే మా అమ్మ గడియ తీసేసేది. సోఫాలు కుట్టే పనిలో చేరాక సుత్తి దెబ్బలు కూడా ఏడేసి పడేవి. చిన్నప్పుడు రేకు డబ్బా దొరికినా ఏడే వాయించేవాడు. నేను పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని. ఏడుకి ఆగడం నా వల్ల అయ్యేది కాదు, ఎప్పుడూ పైన ఇంకొకటి పడేది.

"అదెక్కడిదే?" అని నెత్తిన మొట్టేవాడు.

"నాది."

"నీది నీ దగ్గరే ఉంచుకో."

వాడికి పదేళ్ళప్పుడు, రెండు కాళ్ళూ సమానం కావాలని డాక్టరు ఎడమ చెప్పు కింద చెక్క కొట్టించాడు. "ఇప్పుడు లక్షణంగా ఉంది" అన్నారు వీధిలో అందరూ. వాడి కాలు పుండ్లు పడింది. నెల తిరక్కుండా ఆ చెప్పు కాలవలో విసిరేశాడు. విసురుతుంటే కాపలా కాసింది నేను. ఎలా పోయిందో తెలీదని ఇంట్లో అబద్ధమాడిందీ నేనే.

అంత తెలిసిన నేను, ఆరేళ్ళ కిందట చేసిన పని ఇది. ఒక వ్యాయామశాల వాళ్ళు డప్పులాంటిది కావాలన్నారు. అన్నయ్య కొట్టుకి వెళ్ళి మైకు పెట్టాను. కొత్తగా తోలు బిగించిన పీట మీద సుత్తి పిడితో నాలుగు నిమిషాలు ఆపకుండా వాయించాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే అంతా ఏడుల్లో ఉంది. ఏడుకి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాళ్ళు బోర్లా పడతారు. వాళ్ళేమో సాయంత్రానికే కావాలన్నారు. సరిచేసే మీట నొక్కాను. ప్రతి ఏడూ ఎనిమిది గళ్ళలో కూర్చుంది, చివర ఒక గడి ఖాళీ. ఆ ఖాళీలో నా చప్పట పెట్టాను. అన్నాచెల్లెళ్ళం కలిసి వాయించినట్టుందని మురిసిపోయాను కూడా. అంతా ఒకే ముక్కగా అతికించి, జాగా చాలడం లేదని అసలుది చెరిపేశాను.

ఆ వ్యాయామశాల బల్లలకి మెత్తలు కుట్టడానికి వెళ్ళింది మా అన్నయ్యే. అక్కడే విన్నాడు.

"చెక్క కొట్టావా?" అన్నాడు ఫోన్లో. ముందు నాకు అర్థం కాలేదు. "నీకూ నా నడక తప్పుగానే కనబడిందన్నమాట" అని పెట్టేశాడు.

నేను వెంటనే వెళ్ళి ఉండాల్సింది. నాకూ పౌరుషం తక్కువేం కాదు, కోపం తగ్గితే వాడే చేస్తాడులే అనుకున్నాను. వాడూ అదే అనుకున్నాడేమో. అలా ఆరేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు ఆ చెక్క ఊడదీయాలి. తెర పైన నాలుగు తీసి ఏడు అని కొట్టాను. అది క్షణం పని. కానీ గళ్ళు ఏడైనా లోపలి వాయింపు ఎనిమిదిలోనే ఉంది. నా చప్పట మొదటి చుట్టు దాటి రెండో చుట్టు నెత్తిన పడింది, ఆ తర్వాతి చుట్టులో రెండో దెబ్బ మీద, ఆపైన మూడో దాని మీద. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఒక్కో చుట్టునీ విడిగా కోసి, చప్పట తీసేసి, మిగిలింది దగ్గరికి జరపాలి. బాగున్న ముప్ఫై రెండు చుట్లు ఏరుకున్నాను.

కోసినంత మాత్రాన అన్నయ్య నడక కాలేదు. సరిచేసే మీట వాడి దెబ్బల్ని ఇస్త్రీ చేసేసింది. తకిటలో మూడోది వాడికి వెంట్రుకవాసి ముందు పడేది, పొట్టి కాలు బరువు మొయ్యలేక. ఎంత ముందో చెవికి గుర్తు రాలేదు. కుడికాలికి లావు చెప్పు వేసుకుని, ఎడమకాలు ఉత్తగా ఉంచి, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాను. నాలుగడుగులు వేసి కుర్చీ దగ్గరికి పరుగెత్తడం, ఆ దెబ్బను ఇంత జరపడం, మళ్ళీ నడవడం. నడుస్తూ నాకు తెలియకుండానే చప్పట్లు కొడుతున్నాను. ఎనిమిదోది కూడా పడిపోతోంది. నా చేతిని నేనే తిట్టుకున్నాను.

రెండో రోజు సాయంత్రం కింది అంతస్తు ఆవిడ తలుపు కొట్టింది.

"ఏమండీ, మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? నిన్నటి నుంచీ ఎవరో మగమనిషి నడుస్తున్నట్టుంటేనూ..."

"మా అన్నయ్యండీ" అన్నాను.

"అలాగా, పోన్లెండి. మీకూ తోడు." ఆవిడ మంచి మనసుతోనే అని దిగిపోయింది. తలుపేసుకుని, ఒంటికాలి చెప్పుతో, చాలాసేపు అలాగే నిలబడ్డాను. అబద్ధమాడినందుకు కాదు, ఆ మాట అన్నప్పుడు కలిగిన సంతోషానికి సిగ్గేసింది.

మూడో రోజు పంపేశాను. మేనకోడలు రోజూ ఒక్క ముక్క రాసేది. మొదటిరోజు, "ఆరు అడుగులు. కూర్చోలేదు, ఆగారంతే." తర్వాత పద్నాలుగు. ఇరవై. ముప్ఫై రెండు. అయిదో రోజు నలభై. "కళ్ళు మూసుకుని నడుస్తున్నారు అత్తా. ఎవరు చేశారని అడగలేదు." అడగనందుకు ఊపిరి పీల్చుకున్నాను. అడగలేదని బాధ కూడా పడ్డాను.

ఆరో రోజు పొద్దున ఆ లూప్ పెట్టుకుని బట్టలు ఉతుకుతున్నాను. వాడి అడుగులు గదిలో తిరుగుతుంటే బాగుంది. ఉన్నట్టుండి చప్పట వినబడింది. నా రెండు చేతులూ సబ్బునీళ్ళలో ఉన్నాయి.

పరుగున వెళ్ళి చూశాను. ఇరవై మూడో చుట్టు. అక్కడొక్కచోట తీయడం మరిచిపోయాను. పని చేస్తున్నప్పుడు విన్న ప్రతిసారీ, నా చెయ్యే కొట్టిందనుకుని నన్ను తిట్టుకున్నానే గానీ, ముక్కలో ఉందనుకోలేదు. చుట్టుకి రెండడుగులు. ఇరవై మూడో చుట్టు చివర అంటే నలభై ఆరో అడుగు. నిన్న నలభై దగ్గర ఆగాడు. ఇవాళ అక్కడికి వస్తాడు. పొట్టి కాలి మీద ఉన్నప్పుడే వస్తాడు. ఆ చప్పట ఎవరిదో వాడికి ఒకరు చెప్పాలా? హెడ్‌ఫోన్ తీసి కొడతాడు. లేదా ఆ కాలు ఆ ఒక్క మాత్ర మొయ్యలేక పడిపోతాడు. మేనకోడలికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అది వాళ్ళు నడిచే వేళ.

అరగంటకి మేనకోడలే చేసింది.

"పడ్డాడా?" అన్నాను, హలో కూడా అనకుండా.

"లేదత్తా. నలభై ఆరో అడుగులో ఆగారు, ఆ కాలి మీదే. నడక నేర్పే ఆయన పట్టుకోబోతే చెయ్యి విదిలించారు. అలాగే నిలబడి, తర్వాత అడుగేశారు. మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తే మళ్ళీ అక్కడే ఆగారు. ఆ కాలి మీద అంతసేపు నిలబడటం ఇదే మొదలట, ఆయన తెగ సంబరపడిపోతున్నాడు. నేనే, అక్కడేదో తేడాగా ఉన్నట్టుంది నాన్నా, సరిచేయించి తెస్తానన్నాను."

"ఏమన్నాడు?"

"'ఉండనీ, అది దానిది' అన్నారు. నేను నీ మాటే ఎత్తలేదత్తా, ఒట్టు."

మేనకోడలు కాస్త గొంతు తగ్గించి, "పక్కనే ఉన్నారు, ఫోనివ్వనా?" అంది. అవతల గుసగుసలు. తర్వాత, "వద్దంటున్నారు. ఇంకోసారి నడుస్తారట."

"సరే. ఫోన్ పెట్టెయ్యకు. అక్కడే ఎక్కడైనా ఉంచు."

రెండో కుర్చీ మీది స్పీకర్ కింద పెట్టి, ఆ కుర్చీలో ఫోన్ ఉంచాను. పాట వాడి చెవుల్లో ఉంది, నాకు అడుగులే వినబడుతున్నాయి. కర్ర చప్పుడుతో, నెమ్మదిగా, తకధిమి తకిట. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. నలభై ఆరో అడుగు పడి ఆగింది. చప్పట కొట్టాను. అవతల నలభై ఏడోది పడింది.