ఎవరి సేవ ఎవరికి

ఉద్యోగం పోయి ఏడాదయింది. నా రెజ్యూమె అరపేజీ దాటడం లేదు, అందులోనూ సగం చిరునామానే. ఈ ఏడాదంతా ఏం చేశారని అడిగిన ప్రతి ఇంటర్వ్యూలోనూ నీళ్ళు నమిలి వచ్చేవాణ్ణి. అక్క ఇంట్లో మేడమీద గదిలో ఉంటూ, అక్క వండింది తింటూ, బావ ఎదురైతే పక్కకు తప్పుకుంటూ బతుకుతున్నాను. నెలాఖరుకల్లా పని దొరక్కపోతే తన గోదాములో కూర్చోబెడతానని బావ తేల్చేశాడు. అక్కడ పని తేలికే, కాని పొద్దస్తమానం బావ జోకులకు నవ్వాలి.

"ఆశ్రమానికి వెళ్తున్నావుగా, అది రాయరా," అంది అక్క.

వీధి చివర వృద్ధాశ్రమం ఉంది. రోజూ మధ్యాహ్నం వెళ్ళి అక్కడి పెద్దవాళ్ళతో చదరంగం ఆడతాను. నిజం చెప్పాలంటే ఆ కిటికీ దగ్గర గాలి బాగా వస్తుంది, టీ ఊరికే ఇస్తారు, ఉద్యోగం ఏమైందని ఎవరూ అడగరు. దాన్ని సేవ అని రాయడానికి చెయ్యి రాలేదు. బావ గోదాము గుర్తొచ్చాక దానంతటదే వచ్చింది. "ఒంటరి వృద్ధుల మనోల్లాసానికి నిస్వార్థ కృషి" అని రాశాను. అంతటితో ఊరుకోక, "వారి ఆత్మవిశ్వాసం పెంచేందుకు ఆటల్లో కావాలనే ఓడిపోవడం" అని కూడా తగిలించాను. ఓడిపోవడం వరకు నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఈసారి పిలిచింది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేసే కంపెనీ. ఫిర్యాదులు వినే కుర్చీ ఖాళీగా ఉంది. రెజ్యూమెలో రాసినవాటిలో ఏదో ఒకటి మన ఎదురుగానే ఫోన్ చేసి కనుక్కోవడం అక్కడి పద్ధతట. పాత ఆఫీసు నంబరు చూపించబోయాను. మేనేజరమ్మ వేలు మాత్రం ఆశ్రమం మీదే ఆగింది.

అక్కడ ఫోను తీసినావిడ మంత్రిగారికి ఇచ్చింది. ఆయన ఒకప్పటి దర్జీ. ఆటలో రాజు పోయినా సరే మంత్రిని వదలరు కనుక అందరూ ఆయన్ని అలా పిలుస్తారు. స్పీకర్లో ఆ గొంతు వినగానే నేను కుర్చీ అంచుకు జరిగాను. ఈ అబ్బాయి మీకు సేవ చేస్తాడటగా అని మేనేజరమ్మ అడిగింది.

"సేవా? వాడా?" అన్నారు మంత్రిగారు. "పాపం, వాడికి ఉద్యోగం లేదమ్మా. ఇంట్లో ముఖం చెల్లక మా దగ్గరికొస్తాడు. మేమే మధ్యాహ్నం నిద్ర మానుకుని, వంతులేసుకుని వాడితో ఆడుతున్నాం. అప్పుడప్పుడు గెలవనిద్దామని చూస్తాం. వాడికి అదీ చేతకాదు."

బల్ల కింద దూరిపోదామా అనిపించింది. మేనేజరమ్మ నవ్వు రాకుండా పెదవులు బిగపట్టుకుని, ఓడిపోతే విసుక్కుంటాడా అని అడిగింది.

"ఏనాడూ లేదు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండంటాడు, అందరి కప్పులూ కడిగి పోతాడు, మర్నాడు మళ్ళీ నవ్వుకుంటూ వస్తాడు. తీసుకోండమ్మా. కాకపోతే వారానికి ఒక్క మధ్యాహ్నం మాకు వదలండి. అలవాటైపోయాడు."

రోజంతా తిట్లు తిని మర్నాడు నవ్వుతూ వచ్చే మనిషే ఆ కుర్చీకి కావాలట. సోమవారం నుంచి రమ్మంది.

బయటికొచ్చి వీధిలో నిలబడి ఏడ్చాను. ఉద్యోగం వచ్చినందుకు కాదు. గాలికోసం, టీకోసం వెళ్తున్నాననుకుంటూ ఏడాదిపాటు ఆ పెద్దవాళ్ళ నిద్ర పాడుచేశాను. ఆ సంగతి ఒక్కరూ నాకు తెలియనివ్వలేదు.

ఆశ్రమానికి వెళ్ళేసరికి మంత్రిగారు పావులు సర్ది కూర్చున్నారు. రెజ్యూమె తీసి ఆయన ముందే ఆ నిస్వార్థ కృషి వాక్యం కొట్టేయబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ఉండనీరా. చేసింది మేమని రాయి, చాలు."

అలాగే రాసి, ఆటకు కూర్చున్నాను. ఈసారి ఎలాగైనా గెలవాలని ప్రాణం పెట్టి ఆడి మరీ ఓడిపోయాను.