బియ్యం కాదు, భీమిలి

శాలువాలు కప్పిన పెద్దమనుషులారా, లేచి నిలబడండి. నేరం మీది. మజ్జి సన్యాసినాయుడు మిల్లులో ఆఖరి షిఫ్టు దిగిన రోజున మెడలో బంతిపూల దండ వేసి, ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి అందరూ ఒకే ముక్క చెప్పారు. "ఖాళీగా మాత్రం కూర్చోవద్దు నాయుడు గారూ, ఏదో ఒకటి చేస్తూనే ఉండండి." ఆయన భార్య అచ్చియ్యమ్మ రెండో వరసలోనే ఉంది. ఆవిడకేం కావాలో మీలో ఒక్కడన్నా అడిగాడా? నేనూ అడగలేదు. మీరు ఆ ముక్క చెప్పింది నాలోంచే కాబట్టి రెండో ముద్దాయిని నేనే.

నేను ఒక చేతి మైకును. గరాటు మూతి, పిస్తోలు పిడి, కడుపులో ఆరు పెద్ద బ్యాటరీలు. చెవిలాంటిది నాకూ ఒకటుంది గానీ అది పిడి పట్టుకున్నవాడి నోటికే అతుక్కుని ఉంటుంది. ఎదుటివాడి మాట పట్టించుకునే ఏర్పాటు నాలో ఎవడూ పెట్టలేదు. అయినా ముప్పై ఏళ్లు నన్ను నేను ప్రజల గొంతు అనుకున్నాను. ఎంత పొగరో చూడండి.

నన్ను ఢిల్లీలో ఒక ఇరుకు సందులో బిగించారు. రైల్లో విశాఖపట్నం వచ్చాను. మొదటి కొలువు పూర్ణామార్కెట్ దగ్గర ఒక బట్టల షాపు. "రండి బాబూ రండి, తడిపినా రంగు పోదు" అని రెండేళ్లు అరిచాను. పోయేది. ఆ అబద్ధాలకి నా గొంతు బాగా సాఫీ అయింది. తర్వాత విజయనగరం అవతల ఒక జనపనార మిల్లు యూనియన్ వాళ్లు నన్ను కొనుక్కుని నాయుడి చేతికిచ్చారు.

ఆయన మగ్గాల షెడ్డు మనిషి. ఆ షెడ్డులో మూడొందల మగ్గాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి కేక పక్కవాడికి వినపడదు. అందుకని అక్కడివాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. గుప్పిట మూసి తెరిస్తే దారం తెగిందని. మణికట్టు మీద రెండు వేళ్లు కొడితే ఎప్పుడు అని. అరచెయ్యి నేలకేసి అదిమితే ఇప్పుడే, మగ్గం ఆపు అని. అచ్చియ్యమ్మ అదే మిల్లులో గోనెసంచులు కుట్టేది. వాళ్ల పెళ్లిచూపులు ఆ షెడ్డు గుమ్మంలో చేతులతోనే జరిగాయని యూనియన్లో నవ్వుకునేవారు.

ముప్పై ఏడు రోజుల సమ్మెలో నేను వీరుణ్ణి. నాయుడు "కార్మికుల ఐక్యత" అంటే నేను దాన్ని పదింతలు చేసేవాణ్ణి, జనం "వర్ధిల్లాలి!" అని గేటు అదరగొట్టేవారు. ఆ డిమాండ్ల జాబితాలో తొమ్మిదోది, చెవుల్లో పెట్టుకోవడానికి రక్షణ. చివరి రోజు రాజీలో నాయుడే దాన్ని కొట్టేశాడు. "దూది గొడవ తర్వాత సూద్దుం. సెవుల్లో దూదెట్టుకోడానికి మనమేటి బాలింతలమా?" అన్నాడు. జనం నవ్వారు. ఆ జోకు గేటు చివరిదాకా మోసుకెళ్లింది నేనే. గర్వంగా మోశాను. ఇప్పుడు తల్చుకుంటే నా గరాటుని నేనే ఎత్తి నేలకేసి కొట్టాలనిపిస్తుంది.

ఆయన రిటైరయ్యేనాటికి యూనియన్‌కి కొత్త మైకు వచ్చింది. అది పాటలు పాడుతుంది, సైరన్ కూడా వేస్తుంది. పాతదాన్ని ఏం చేయాలో తెలియక, జ్ఞాపిక అని పేరు పెట్టి ఆయన చేతిలో పెట్టారు. అలా ఇద్దర్నీ ఒకేరోజు వదిలించుకున్నారు.

ఇక మొదలైంది మా రెండో జీవితం. నాయుడు మీ మాట తప్పలేదు, ఒక్కరోజూ ఖాళీగా కూర్చోలేదు. ఉదయం ఐదున్నరకి కాలనీ నడక సంఘం. నడవనివాళ్ల ఇంటిముందు నేను. తర్వాత మొక్కలు నాటే కార్యక్రమం. నూట ఇరవై కానుగ మొక్కలు నాటి, వాటికి నీళ్లు పోయని గృహస్థుల పేర్లు నాచేత చదివించాడు. రెండో ఆదివారం కుటుంబ సర్వసభ్య సమావేశం. కూతురు గౌరీశ్వరి, అల్లుడు, మనవరాలు హాజరు కావాలి. గదిలో ఉన్నది ఐదుగురు, అయినా నేను ఉండాల్సిందే. మనవరాలి మొదటి పుట్టినరోజున ఆయన నన్ను మూతికెత్తి "చిరంజీవి లిఖిత" అన్నాడు. వచ్చిన పాత కార్మికులు అలవాటు కొద్దీ చేతులెత్తి "వర్ధిల్లాలి!" అని గర్జించారు. పిల్ల కేకు మీద పడి ఏడ్చింది.

"నాన్నా, ఇది ఇల్లా, మిల్లు గేటా?" అంది గౌరీశ్వరి.

"ఏకగ్రీవం" అన్నాడు నాయుడు. ఆయనకి వినపడలేదు. పెదాలు కదిలితే చాలు, ఒప్పుకున్నారనే ఆయన లెక్క.

అదండీ అసలు సంగతి. ఆయన చెవులు పోయాయి. మగ్గాలు తినేశాయి. తన గొంతు తనకి వినపడటానికే నన్ను పట్టుకు తిరుగుతున్నాడని నాక్కూడా ఆలస్యంగా తెలిసింది. ఎవరన్నా చెవుల డాక్టరు మాటెత్తితే "నా సెవులకేటైంది? మీరే నోట్లో నోట్లో మాటాడతన్నారు" అని కసిరేవాడు.

అచ్చియ్యమ్మకి ఒక్కటే కోరిక. భీమిలి సముద్రం చూడాలి, తనూ ఆయనా, ఇద్దరే. అరగంటో గంటో బస్సు ప్రయాణం. మిల్లులో ఉండగా సెలవు దొరకలేదు, పిల్లదాని చదువు, పెళ్లి, సరే తర్వాత అనుకుంది. రిటైరైన నెలలోనే పక్కన నిలబడి అడిగింది. "ఏటయ్యా, బీమిలి ఎల్దుమా?"

"బియ్యమా? రేపు తెస్తాన్లే" అన్నాడు.

తెచ్చాడు. నెల తర్వాత మళ్లీ అడిగింది. ఇంకో బస్తా తెచ్చాడు. నాలుగేళ్లలో ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో వంటింటి గోడ పక్కన బస్తాలే సాక్ష్యం. నడవడానికి దారి లేదు.

అంత బియ్యం ఏం చేయాలి? పురుగు పట్టేలోగా పులిహోర చేయాలి. పులిహోర ఎవరు తినాలి? అలా పుట్టాయి నాయుడి యాత్రలు. అరసవల్లి, శ్రీకూర్మం, అన్నవరం, ఆ పైన కాశీ, రామేశ్వరం. నలభై మంది రిటైరైనవాళ్లు, ఒక బస్సు, ముందు సీట్లో నాయుడూ నేనూ. వెనక సీట్లో పులిహోర గంగాళాల మధ్య అచ్చియ్యమ్మ. రామేశ్వరంలో సముద్రం ఉంది కదా అంటారేమో. అక్కడ బస్సు ఆగిన గంటన్నరా ఆవిడ ఆకులు కడుగుతోంది. నేను మాత్రం గట్టు మీద నిలబడి "ఎవరూ లోతుకి వెళ్లరాదు" అని సముద్రానికే ఆంక్షలు పెడుతున్నాను. నా వెనక నాలుగడుగుల్లో ఒక మనిషి సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంది. చూశానా? నా మూతి అటు తిరగదు.

మొన్న బుధవారం పొద్దున్న పన్నెండో యాత్రకి వాకిట్లో మీటింగు. కోనసీమ అట. నలభై ఒక్క మంది. నాయుడు అరుగు మీద నిలబడి నాలోంచి పేర్లు పిలుస్తున్నాడు.

"బోని ఎర్రయ్య!"

"వర్ధిల్లాలి!" అన్నారు జనం. ఆ జబ్బు వాళ్లకి ఇప్పట్లో తగ్గదు.

"ఒరే, ఆజరు సెప్పండ్రా!" అన్నాడు ఎర్రయ్య సిగ్గుపడుతూ. ఆయన షెడ్డులో నాయుడి పక్క మగ్గం మనిషి.

అచ్చియ్యమ్మ చింతపండు పులుసు చేత్తోనే బయటికొచ్చింది. నాయుడి చెయ్యి పట్టి లాగింది. "ఇదుగో, ఈసారి నాను రాను. నన్ను బీమిలి తీసుకెల్లు, అంతే."

ఆయన నన్ను మూతి దగ్గర్నుంచి దించకుండానే, కాలనీ అంతా వినేలా చెప్పాడు. "బియ్యం సరిపోవంతంది. సాయంత్రం ఇంకో బస్తా!"

ఆవిడ నన్ను లాక్కుంది. పిడికి చింతపండు అంటుకుంది. కీచుమని నేనొక అరుపు అరిచాను, భయంతోనే. ముప్పై ఏళ్లలో ఒక ఆడమనిషి చేతికి రావడం అదే మొదటిసారి. సమానత్వం గురించి ఎన్ని ఉపన్యాసాలు మోశానో అడక్కండి. ఆవిడ నా మూతిని జనం వైపు తిప్పలేదు. జానెడు దూరంలో నాయుడి చెవికి పెట్టింది.

"బియ్యం కాదు! బీమిలి! బీ... మి... లి!"

"వర్ధిల్లాలి!" అన్నారు జనం.

"నోర్ముయ్యండెహె!" ఆ కేక కూడా నాలోంచే వెళ్లింది. నలభై ఒక్క మందీ నోరు మూశారు. మిల్లు యాజమాన్యం ముప్పై ఏడు రోజుల్లో చేయలేని పని అది. "నాలుగేళ్ల నుంచి అడగతన్నాను. నువ్వూ నానూ. ఈళ్లెవులూ వొద్దు. పులోర వొద్దు. ఈ మైకు అసలే వొద్దు. అలాగే రేపు నీ సెవులు సూపించుకోవాల. నాతో మాటాడ్డానికి నీకు సెవులు నేవు, ఊరితో మాటాడ్డానికి మాత్రం నోరుందా?"

నా జీవితంలో నాలోంచి వెళ్లిన ఒకే ఒక్క నిజమైన డిమాండు అది. అందులో నన్ను వద్దన్నారు.

నాయుడు వంటింటి వైపు చూశాడు. గుమ్మంలోంచి బస్తాలు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటే చూశాడు. ఆయన పెదాలు "బీమిలి" అని కదిలాయి, చప్పుడు రాలేదు. ఎర్రయ్య తల వంచుకుని, "తొమ్మిదో డిమాండు నాయుడూ, దూది" అన్నాడు. అది ఆయనకి వినపడిందో లేదో నేను చెప్పలేను.

అప్పుడు నాయుడు చెయ్యెత్తాడు. మణికట్టు మీద రెండు వేళ్లు కొట్టాడు. ఎప్పుడు?

అచ్చియ్యమ్మ నన్ను అరుగు మీద పడేసి, చింతపండు చెయ్యి నేలకేసి అదిమింది. ఇప్పుడే.

పదకొండున్నర బస్సుకి వెళ్లారు. ఆవిడ చేతిలో ఒక గుడ్డసంచి, ఆయన చేతిలో ఏమీ లేదు. నన్ను బియ్యం బస్తా మీద పెట్టి తలుపు తాళం వేశారు. బస్సులో ఏం మాట్లాడుకున్నారో, సముద్రం ముందు చేతులు ఎలా కదిలాయో నాకు తెలియదు. తెలియకూడదు కూడా.

సాయంత్రం వచ్చారు, కాళ్లకి ఇసకతో. మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికీ వెళ్లారు. చెవికి పెట్టుకునే మిషను రావడానికి పది రోజులు పడుతుందట. ఇవాళ పొద్దున నాయుడు వంటింట్లోకొచ్చి, ఎవరూ లేరని చూసుకుని, నా పిడి తుడిచాడు. చింతపండు మరక పోయేదాకా తుడిచాడు. తర్వాత నా మూతిలోకి నెమ్మదిగా, స్విచ్చి నొక్కకుండానే, అన్నాడు: "బీమిలి బావుందిరా. నలబై మందితో ఎల్తే ఇంకా బావుంతాది."

విన్నారా? అందుకే డిమాండు చేస్తున్నాను, బతిమాలడం నాకు రాదు. శాలువాలు కప్పినవాళ్లు ఎవరో ఒకరు వెంటనే ఈ ఇంటికి రండి. నా వెనక మూత తిప్పండి. ఆరు బ్యాటరీలూ తీసేయండి. ఒకటి కూడా మిగలకూడదు. ఆయన యాత్రలకి పేర్లు రాసే పుస్తకం వెతుకుతున్నాడు. ఇప్పుడే రండి.